మన నేలకు తగిన చిన్న ఇల్లు: ప్రెయిరీ నుంచి నూజివీడు మామిడి తోట దాకా



జనవరిలో ఏడో తరగతి పిల్లలకు ఒక ప్రాజెక్ట్ ఇచ్చాను. ఇంగ్లిష్ పీరియడ్‌లో ‘ప్రెయిరీ’ అనే మాట వచ్చింది. అమెరికాలోని ఆ గడ్డి మైదానాల్లో నేలను చూసి ఇళ్లు ఎలా కట్టుకున్నారో చెప్పి, "మీరు కూడా ఒక ప్రదేశం ఎంచుకుని, దానికి తగిన చిన్న కట్టడం మోడల్ చేసి తీసుకురండి" అన్నాను.

సోమవారం నా టేబుల్ నిండా మోడల్సే. చాలావరకు థర్మాకోల్‌తో చేసినవి. ఎర్రటి ఏటవాలు కప్పు, పక్కన పొగగొట్టం, కప్పు మీద మంచుకు గుర్తుగా దూది. అన్నీ ఒకే అచ్చు. వాటిలో నీట్‌గా ఉన్నదానికి పదికి పది వేశాను.

చివర్లో ఒక బాబు అట్టపెట్టెతో చేసిన మోడల్ పెట్టాడు. నాలుగు గోడలు, పైన బిస్కెట్ డబ్బా రేకు. జిగురు సరిగా అంటక ఒక గోడ వాలిపోయింది. "ఇది మా తోటలో షెడ్డు మిస్. మామిడికాయల టైమ్‌లో మేం అక్కడే ఉంటాం" అన్నాడు. ఆరు మార్కులు వేశాను. వెళ్తూ వెళ్తూ అడిగాడు: "వాళ్ల ఇళ్లన్నిటికీ పొగగొట్టం ఉంది కదా మిస్, మన ఊళ్లో దాంతో ఏం పని? మా పొయ్యి బయట చెట్టు కింద ఉంటుంది."

ఆ ప్రశ్న నన్ను ఇంటిదాకా వదల్లేదు. నేను అడిగింది ఒక ప్రదేశాన్ని చూసి దానికి తగినది చేయమని. క్లాసు మొత్తంలో ఒక నిజమైన చోటును చూసి చేసినవాడు అతనొక్కడే. తక్కువ మార్కులు వచ్చిందీ అతనికే. తప్పు నాదే. ఆ ప్రాజెక్ట్‌ను మొదట్లో ఎలా చెప్పి ఉండాల్సిందో, ఈ వేసవి సెలవుల్లో మీరు ఇంట్లో పిల్లలతో ఎలా చేయించవచ్చో ఈ నెల రాస్తున్నాను.

ప్రెయిరీలో ఇల్లు ఎందుకలా ఉంది?

ప్రెయిరీ అంటే ఫ్రెంచి భాషలో పచ్చిక మైదానం. ఒకప్పుడు ఉత్తర అమెరికా మధ్యభాగంలో చూపు ఆనినంత మేర గడ్డే ఉండేది. కొన్నిచోట్ల ఆ గడ్డి మనిషి ఎత్తు దాటేది. చెట్లు మాత్రం వాగుల ఒడ్డున తప్ప పెద్దగా కనిపించేవి కావు. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడికి వ్యవసాయానికి వెళ్లిన కుటుంబాలకు ఇల్లు కట్టడానికి కలప దొరకలేదు. దాంతో గడ్డి వేళ్లతో గట్టిగా పట్టుకుని ఉన్న పైమట్టినే పలకలుగా కోసి, ఇటుకల్లా పేర్చి గోడలు లేపారు. ఆ మందపు మట్టిగోడలు చలికాలం వెచ్చగా, ఎండాకాలం చల్లగా ఉండేవి. వానకు కారేవి, పురుగులు, పాములు వచ్చేవి కూడా. అయినా ఆ నేల ఇచ్చిన వస్తువుతో, ఆ నేలకు తగ్గట్టు కట్టిన ఇళ్లు అవి.

తర్వాత ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే ఆర్కిటెక్ట్ వచ్చాడు. 1867లో విస్కాన్సిన్‌లో పుట్టాడు. చదునైన మైదానంలో నిటారుగా నిలబడే ఇల్లు నప్పదని, ఇల్లు కూడా నేలతోపాటు అడ్డంగా సాగాలని అతని ఆలోచన. పొట్టి కప్పులు, బాగా ముందుకు వచ్చిన చూరులు, వరుస కిటికీలు అతని ఇళ్ల గుర్తులు. వీటినే ప్రెయిరీ శైలి అంటారు. షికాగోలో 1910లో పూర్తయిన రోబీ హౌస్ ఇందులో పేరున్నది. 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన రైట్ కట్టడాల్లో అదీ ఒకటి.

ఆ చూరు అందానికి మాత్రమే కాదు. షికాగోలో జూన్ మధ్యాహ్నం సూర్యుడు బాగా పైన ఉంటాడు, చూరు ఎండను ఆపేస్తుంది. డిసెంబరులో సూర్యుడు నేల నుంచి 25 డిగ్రీల ఎత్తుకు మించి రాడు. ఆ వాలు ఎండ చూరు కిందుగా లోపలికి వచ్చి గదిని వెచ్చబరుస్తుంది. గడ్డకట్టే చలి కాబట్టి ఇంటి మధ్యలో పెద్ద నెగడు, దానికి పొగగొట్టం. మా అబ్బాయి ప్రశ్నకు జవాబు ఇదే. పొగగొట్టం ఆ ఊరి చలికి జవాబు. మనకు ఆ చలి లేదు కాబట్టి ఆ జవాబుతో పనీ లేదు.

మరి మన నేల ఏం అడుగుతోంది?

ఇల్లు గీసే ముందు చోటును ఐదు ప్రశ్నలు అడగమని పిల్లలకు చెబుతున్నాను: ఎండ ఎటు నుంచి, గాలి ఎటు నుంచి, వాన ఎలా పడుతుంది, కాళ్ల కింద మట్టి ఏమిటి, చుట్టూ ఏం పెరుగుతోంది? నూజివీడు చుట్టుపక్కల తోటల్లో నిలబడి అడిగితే జవాబులు ఇలా ఉంటాయి.

ఎండ: మనం సుమారు 16.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాం. మే 6, 7 తేదీల ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అంటే మామిడికోతల రోజుల్లో ఎండ దెబ్బ ముందుగా తగిలేది గోడకు కాదు, కప్పుకు. సాయంత్రం మాత్రం పడమటి గోడకు.

గాలి: ఎండాకాలం పడమటి నుంచి వడగాలి. ఏప్రిల్, మే నెలల్లో ఉన్నట్టుండి ఈదురుగాలులు, ఒక్క పూటలో కాయంతా రాలగొట్టి పోతాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాన్ల భయం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఇంకా తలుచుకుంటూనే ఉంటారు.

వాన: జూన్ నుంచి నవంబరు దాకా, ఒక్కోసారి గాలితో ఏటవాలుగా కొడుతుంది. గోడ అడుగుభాగం తడుస్తుంది.

మట్టి: ఇక్కడి తోటల్లో ఎక్కువగా ఎర్రనేలలు. నల్లరేగడిలా ఉబ్బి, ఎండాకాలం నెర్రెలు విచ్చే గుణం వీటికి తక్కువ. గోడకు పనికొచ్చే మట్టే. చెదలు మాత్రం జాగ్రత్త.

చెట్టు: పాత మామిడి తోటల్లో చెట్టుకు చెట్టుకు మధ్య పది మీటర్లు, అంటే ఎకరానికి 40 చెట్లు. ప్రెయిరీలో చెట్టే లేదు. మనకు నీడే మొదటి కప్పు.

మనవాళ్లు ఇచ్చిన జవాబులు

ఈ ప్రశ్నలు మనకు కొత్త కావు. చదువుకోని మన ముత్తాతలు వీటికి కట్టడాలతోనే జవాబు చెప్పారు.

మొదటిది తోటలో కావలి పాక. నాలుగు తాటి మొద్దులో, సరుగుడు గుంజలో పాతి, వెదురు వాసాలు వేసి, తాటాకు కప్పుతారు. చూరు మనిషి వంగి వెళ్లేంత కిందికి ఉంటుంది. గోడలు ఉండవు, లేదా సగం దాకా దడి కడతారు. తాటాకు పొరల మధ్య గాలి నిలిచి ఉంటుంది. ఆ గాలి వేడిని తొందరగా కిందికి రానివ్వదు. నాలుగువైపులా తెరిచి ఉండడం వల్ల లోపలి వేడిగాలి నిలవదు.

రెండోది ఊళ్లో మండువా లోగిలి. నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలి, మధ్యలో ఆకాశం కనిపిస్తుంది. వాననీరు మండువాలో పడి తూము గుండా బయటికి పోతుంది. లోపలి వేడిగాలి పైకి పోవడానికి దారి అదే. మండువా చుట్టూ వసారా ఉంటుంది కాబట్టి గది గోడకు నేరుగా ఎండ తగలదు.

మూడోది ఉత్తరాంధ్ర తీరం వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు పల్లెల్లో కనిపించే చుట్టిల్లు. గుండ్రటి మందపాటి మట్టిగోడ, గోపురంలా కోసుగా లేచే కప్పు, నేలకు దగ్గరగా దిగిన చూరు. చదును గోడను గాలి ఎదురుగా గుద్దుతుంది. గుండ్రటి గోడ దగ్గర గాలి రెండుగా చీలి పక్కలకు జారిపోతుంది. తుపాను తీరంలో ఆ ఆకారం ఊరికే రాలేదు. ఇంకో లాభం కూడా ఉంది, లెక్కల క్లాసులో చూపించండి. 40 అడుగుల తాడుతో చతురస్రం వేస్తే లోపల 100 చదరపు అడుగులు. అదే తాడుతో వృత్తం వేస్తే సుమారు 127. అంతే గోడకు చోటు ఎక్కువ.

చూరును కాపీ కొట్టకూడదు

ఇక్కడే పిల్లలకు అసలు పాఠం ఉంది. రైట్ చూరు బాగుందని దాన్ని తెచ్చి మన తోటలో పెడితే సరిపోదు. ఆధారం లేకుండా ముందుకు వచ్చిన వెడల్పాటి చూరు కిందికి ఈదురుగాలి దూరితే కప్పునే పైకి ఎత్తేస్తుంది. రోబీ హౌస్ చూరులు నిలబడ్డాయంటే లోపల కనిపించకుండా ఉక్కు దూలాలు ఉన్నాయి. మన పెద్దలు ఉక్కు లేకుండానే ఆ పని చేశారు. చూరు చివర స్తంభాలు వేశారు. అదే వసారా. స్తంభం చూరును మోస్తుంది, గాలి వస్తే పట్టి ఉంచుతుంది, దాని పక్కనే అరుగు వేస్తే కూర్చోవడానికి చోటు అవుతుంది.

చూరు ఎంత ఉండాలో కూడా లెక్క కట్టవచ్చు. మార్చి 21 మధ్యాహ్నం మన దగ్గర సూర్యుడు సుమారు 73 డిగ్రీల ఎత్తులో, దక్షిణం వైపు ఉంటాడు. దక్షిణపు గోడకు 2 అడుగుల చూరు ఉంటే ఆ సమయానికి గోడ మీద ఆరున్నర అడుగుల దాకా నీడ పడుతుంది. డిసెంబరు 22న సూర్యుడు 50 డిగ్రీలకు దిగుతాడు, అదే చూరు నీడ రెండడుగులకు కాస్త పైగా వస్తుంది. అప్పుడు చలికాలమే కాబట్టి నష్టం లేదు. పడమటి గోడకు మాత్రం ఈ లెక్క పనిచేయదు. నాలుగింటి ఎండ అడ్డంగా వస్తుంది, ఏ చూరూ దాన్ని ఆపలేదు. అటువైపు పెద్ద కిటికీ పెట్టకుండా, మామిడి చెట్ల వరసకు తూర్పున పాక వేసుకుంటే సాయంత్రం నీడ దానంతట అదే వస్తుంది. కొమ్మల సరిగ్గా కిందే వద్దు. గాలికి కొమ్మ విరిగితే ప్రమాదం.

రేకు ఎందుకు వచ్చింది?

మా తాతయ్య తోటలో చిన్నప్పుడు తాటాకు పాక ఉండేది. మా వేసవి సెలవులన్నీ అందులోనే. కాయలు కోసి, సొన కారిపోయేలా తొడిమ కిందికి పెట్టి పరిస్తే, మేం ఆ వరసల పక్కనే పడుకునేవాళ్లం. తర్వాత పాక తీసేసి ఇనప రేకుల షెడ్డు వేశారు. ఆ ఏడాది నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటితే అమ్మమ్మ షెడ్డులో ఉండేది కాదు. మంచం తీసుకెళ్లి చెట్టు కింద వేసుకునేది. డబ్బు పెట్టి కప్పు వేసుకుని, దాని కింద ఉండలేక బయట పడుకోవడం అప్పుడు మాకు వింతగా అనిపించలేదు.

తాతయ్య తప్పు చేశాడని అనను. తాటాకు రెండు మూడేళ్లకోసారి మార్చాలి. నేసేవాళ్లు దొరకడం లేదు. వేసవిలో నిప్పు భయం. కప్పులో ఎలుకలు, వాటికోసం పాములు. రేకు ఒకసారి వేస్తే ఏళ్ల తరబడి చూసుకోనక్కర్లేదు. కాకపోతే పల్చటి రేకు పైన ఎంత కాలితే లోపలి వైపూ అంతే కాలి, ఆ వేడిని కింద ఉన్నవాళ్ల మీదికి వదులుతుంది. కోతల రోజుల్లో కాపలా కుటుంబాలు, కాయలు కోసేవాళ్ల పిల్లలు ఆ కప్పుల కిందే ఉంటారు. వాళ్లలో కొందరు మన క్లాసుల్లో చదువుతున్నారు.

కాబట్టి ‘మళ్లీ పాత పాకకే వెళ్దాం’ అనడం జవాబు కాదు. రేకు ఉన్నచోట ఆ ఐదు ప్రశ్నలూ మళ్లీ అడగడమే జవాబు. రేకు మీద జానెడు ఎత్తున వెదురు తడికె కట్టి, దానిమీద తాటాకు పరిస్తే ఎండ ముందు ఆకుకు తగులుతుంది. మధ్యలో గాలి ఆడుతుంది. గాలివానకు లేచిపోకుండా గట్టిగా కట్టాలి, పొయ్యి దూరంగా పెట్టాలి. ఆకు దొరక్కపోతే రేకు మీద తెల్లగా సున్నం కొట్టినా ఎండలో కొంత తిరిగి పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది కూడా ఈ సూత్రం మీదే. గోడకూ కప్పుకూ మధ్య అడుగు ఖాళీ వదిలితే పైన చేరిన వేడిగాలి బయటికి పోతుంది.

కొత్తగా కట్టేవాళ్లకు లారీ బేకర్ ఒక మంచి ఉదాహరణ. 1917లో ఇంగ్లండ్‌లో పుట్టి, కేరళలో స్థిరపడి, 2007లో కన్నుమూసిన ఆర్కిటెక్ట్. ఇటుకలను నిలువుగా పేర్చి గోడ మధ్యలో గాలి గూళ్లు వదిలే పద్ధతిని బాగా వాడాడు. ఇటుక ఆదా, లోపల చల్లదనం. శ్లాబు మధ్యలో పెంకులు పెట్టి సిమెంటు తగ్గించాడు. ఊళ్లోని పాత ఇళ్లను చూసి నేర్చుకోవడం ఆయన పద్ధతి.

సెలవుల్లో పిల్లలతో చేయించండి

ఈసారి ఏదీ కొనవద్దు. ఇంట్లో ఉన్నవి చాలు.

1. నీడ కర్ర. ఎండపడే చోట మీటరు పొడవు కర్రను నిలువుగా పాతి, మధ్యాహ్నం 12 ప్రాంతంలో నీడ కొలవమనండి. మార్చి 21న సుమారు 30 సెంటీమీటర్లు వస్తుంది. మే మొదటి వారానికి దాదాపు కనిపించదు. డిసెంబరు 22న 84 దాకా పెరుగుతుంది. వారానికి ఒక్కరోజు, రెండే నిమిషాలు, తలమీద టోపీతో.

2. రెండు పెట్టెలు. ఒకే సైజు అట్టపెట్టెలు రెండు తీసుకుని, ఒకదానికి పాత డబ్బా రేకు, ఇంకొకదానికి మూడు వేళ్ల మందాన గడ్డి లేదా తాటాకు కప్పండి. రేకు మీరే కోసివ్వండి, అంచులు కోసుకుంటాయి. ఉదయం 10 గంటలకు ఎండలో పెట్టి, గంట తర్వాత లోపల చెయ్యి పెట్టి చూడమనండి. గది థర్మామీటర్ ఉంటే ఇంకా మంచిది. జ్వరం చూసే థర్మామీటర్ వాడకండి.

3. పెద్దవాళ్ల ఇంటర్వ్యూ. అమ్మమ్మనో తాతయ్యనో మూడు ప్రశ్నలు అడగాలి. మీ చిన్నప్పటి ఇంటి కప్పు దేనితో వేశారు? ఎండాకాలం మధ్యాహ్నం ఎక్కడ పడుకునేవాళ్లు? తుపాను వస్తే ఏం చేసేవాళ్లు? జవాబులు వాళ్ల మాటల్లోనే తెలుగులో రాయాలి. ఇంగ్లిష్‌లోకి మార్చడం జూన్‌లో నాతో కలిసి చేస్తారు.

4. చివరగా మోడల్. నిజంగా చూసిన ఒక చోటు కోసం మాత్రమే. తోట, పొలం గట్టు, మేడ మీద, బస్టాప్, ఏదైనా సరే. మోడల్ పక్కన ఐదు ప్రశ్నలకు ఐదు వాక్యాల జవాబు ఉండాలి.

మార్కులు ఎలా వేస్తారని అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాను. చోటును గమనించినందుకు 4, కారణాలు చెప్పినందుకు 4, చేతిపనికి 2. మీరు చేసి ఇచ్చిన అందమైన మోడల్ కన్నా మీ పాప చేసిన వంకర మోడల్‌కే ఎక్కువ వస్తాయి. దయచేసి చేయనివ్వండి.

ఆ బాబు మోడల్‌ను నేను మళ్లీ తెప్పించుకుని చూశాను. క్లాసులో అందరి ముందు వివరించమన్నాను. రేకు మీద చెయ్యి పెట్టి, "ఇక్కడ మధ్యాహ్నం మా చెల్లి ఏడుస్తుంది మిస్" అని మొదలుపెట్టాడు. అప్పటిదాకా నవ్వుతున్న పిల్లలు తలా ఒక సలహా చెప్పారు. ఒకరు గడ్డి కప్పమన్నారు, ఒకరు చెట్టు దగ్గరికి జరపమన్నారు, తోట ఉన్న ఇంకో పాప కొమ్మ కింద వద్దంది. నేను వేసిన ఆరును దిద్దాను.

ఫిబ్రవరి పేరెంట్స్ మీటింగ్‌కి వాళ్ల నాన్నగారు వచ్చారు. మార్కుల గురించి అడగలేదు. "ఈ ఏడు రేకుల మీద ఆకు వేయిస్తున్నానండి. వాడు రోజూ తింటున్నాడు నన్ను" అన్నారు.

జూన్‌లో స్కూల్ తెరిచాక మొదటి వారంలోనే పిల్లల నీడ కర్ర కొలతలు చూస్తాను. ఆ తోట షెడ్డు ఎలా ఉందో కూడా అడుగుతాను.